కాలువ కట్ట మీద ఒక్కపొద్దు

వెంకటి షుగర్ గోలి మింగడం నేను చూశాను. చూసి ఊరుకున్నాను.

ఆదివారం పొద్దున ఆరు గంటలు. కోరుట్లలో గణేశ్ సైకిల్ దుకాణం ముందు నలుగురం కలిశాం. వెంకటి గోడ వైపు తిరిగి, చొక్కా జేబులోంచి గోలి తీసి నోట్లో వేసుకున్నాడు. నీళ్లు తాగలేదు. కొంగలా మెడ చాచి, రెండు ప్రయత్నాల్లో మింగాడు.

నీళ్లు ఎందుకు తాగలేదో నాకు తెలుసు. ఆ రోజు అతనికి ఒక్కపొద్దు. బిడ్డ రజనికి ఎనిమిదో నెల. ఇంతకు ముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. ఈసారి కాన్పు మంచిగా అయ్యేదాకా ప్రతి ఆదివారం, సాయంత్రం దీపం పెట్టేవరకు, మెతుకు గానీ నీటి చుక్క గానీ ముట్టనని మల్లన్నకు మొక్కాడు. అది మూడో ఆదివారం. ముందటి రెండు ఆదివారాలు అతను సైకిలెక్కకుండా ఇంట్లోనే ఉన్నాడు.

గోలి సంగతీ తెలుసు. అతని అన్న గోలీలు సరిగ్గా వేసుకోక కాలి వేళ్లు తీయించుకున్నాడు. అప్పటి నుంచి వెంకటి ఒక్క పూట కూడా తప్పడు. గోలి తప్పడు, ఒక్కపొద్దు తప్పడు. కల్లు గీయడానికి తాటిచెట్లు ఎక్కే పనిలో నలభై ఏళ్లు బతికిన మనిషి. పట్టిన పట్టు విడిస్తే కింద పడతామని అతనికి ఒంట్లోనే ఉంది.

నా భార్య బుచ్చవ్వకు కూడా షుగరే. గోలి వేసుకున్నాక అన్నం ఆలస్యమైతే ఆమెకు చేతులు వణుకుతాయి, చెమట పోస్తుంది. "ఇంత చక్కెర నోట్లె పొయ్యి" అంటుంది. పోస్తే తేరుకుంటుంది. కాబట్టి ఖాళీ కడుపున గోలి అంటే ఏమిటో అక్కడున్న నలుగురిలో నాకే ఎక్కువ తెలుసు. అయినా నోరు తెరవలేదు. ఒక్కపొద్దు ఉన్న మనిషిని తినమని చెప్పడం ఎట్లా అనుకున్నాను. నేను మాట్లాడే మనిషిని కూడా కాను. సిరిసిల్లలో ముప్పై ఏళ్లు సాంచాలు నడిపాను. ఆ మరమగ్గాల మోతలో పక్కవాడు అరిచినా వినిపించదు, చేతులతో సైగ చేసుకోవడమే. చెవులు సగం పోయాయి. నోరు అవసరం లేకుండా పోయింది.

రెండేళ్లుగా మేం నలుగురం ఆదివారం సైకిళ్ల మీద పోతున్నాం. పోయి చేసేదేమీ లేదు. ఒకసారి ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ గేటు దాకా పోయి, చాయ్ తాగి వచ్చాం. ఒకసారి ఏదో ఊళ్లో జామకాయలు కొనుక్కొని గట్టు మీద కూర్చొని తిని వచ్చాం. ఇంట్లో లేచేటప్పుడు మోకాళ్లు పట్టేస్తాయి. సైకిలెక్కి నాలుగు తొక్కులు తొక్కితే ఆ నొప్పి ఎవరిదో అన్నట్టు ఉంటుంది. పొద్దటి చల్లగాలి, ముందు ముగ్గురి వీపులు, వాళ్ల నవ్వులు సగం వినపడీ సగం వినపడకా. వారమంతా ఆ మూడు నాలుగు గంటల కోసమే ఎదురుచూసేవాణ్ణి. ఆ మాట కూడా వాళ్లకు ఎన్నడూ చెప్పలేదు.

మాకు రెండు పద్ధతులున్నాయి. అందరికన్నా మెల్లగా తొక్కేవాళ్లు ముందు పోవాలి. అట్లా పోతే ఎవరూ వెనక పడిపోరు. కాబట్టి ముందు రాజమణి, అంగన్‌వాడీలో ఆయాగా చేసి దిగిపోయిన మనిషి. ఆమె వెనక గణేశ్, మాలో చిన్నవాడు, నలభై ఐదు దాటలేదు. తర్వాత వెంకటి. చివర నేను. చెవులు సరిగ్గా వినపడనివాడు వెనక ఉంటే కళ్లతో అందరినీ కనిపెట్టుకుంటాడని గణేశ్ పెట్టిన వరస అది. రెండో పద్ధతి బెల్లు. దారిలో ప్రతి గుర్తు దగ్గర చివరివాడు బెల్లు కొట్టాలి. ఒక్కసారి కొడితే అందరూ బాగున్నట్టు. రెండుసార్లు కొడితే ఆగాలి.

ఆ రోజు జగిత్యాల ఖిల్లా చూసి రావాలని అనుకున్నాం. అంత దూరం ఎప్పుడూ పోలేదు. పెద్ద రోడ్డు మీద లారీలు ఎక్కువని కాలువ కట్ట పట్టాం. గుర్తులు కాలువ తూములు.

బయలుదేరేటప్పుడు రాజమణి సైకిల్ ముందు బుట్ట ఖాళీగా ఉంది. ఎప్పుడూ అందులో బియ్యప్పిండి సర్వప్పలు ఉంటాయి.

"ఏంది వదినె, ఇయ్యాల బుట్టల ఏం లెవ్వు?" అన్నాడు వెంకటి.

"నీ ముంగట మేం నములుతుంటె నీకు ఉమ్మి ఊరదా? అందుకే ఎవలం ఏం తెచ్చుకోలే. నీళ్ల సీస గూడ తేలే."

"నా కోసం మీరెందుకు ఎండుడు?"

"నడువ్ నడువ్. మాకు గూడ ఇంత పున్నెం రానియ్యి."

మా ప్రేమ అట్లా ఉంది. అతనికి ఆశ పుట్టొద్దని నలుగురి దగ్గరా తినేది ఒక్క పలుకు లేకుండా చేసుకొని, మనుషులు లేని కట్ట మీదికి ఎక్కాం.

మొదటి తూము దాకా బాగానే ఉంది. కాలువ నిండా నీళ్లు పారుతున్నాయి. ఒకవైపు పసుపు తవ్విన చేన్లు, ఒకవైపు మక్క. వెంకటి ముందుకు అరుస్తున్నాడు.

"వదినె! నత్త పోయింది నీ పక్కపొంటి! చూసినవా?"

"చూసిన. ఎంకటి ఎన్క అస్తుండు, జర ఆగుమని చెప్పిన దానికి!"

గణేశ్ హ్యాండిల్ మీద వాలిపోయి నవ్వాడు. నేను ఒక్క బెల్లు కొట్టాను.

రెండో తూము దగ్గరికి వచ్చేసరికి వెంకటి మాటలు ఆగిపోయాయి. అలసి ఉంటాడనుకున్నాను. అతని చొక్కా వీపు మీద చెమట మరక కనిపించింది. పొద్దు ఇంకా పైకి రాలేదు, గాలి చల్లగా ఉంది. నా చొక్కా పొడిగా ఉంది. ఒక్క బెల్లు కొట్టాను.

మరక పెద్దదైంది. భుజాల నుంచి నడుము దాకా చొక్కా ఒంటికి అతుక్కుంది. అతని వెనక టైరు మెత్తటి మట్టిలో గీసే గీత నేను చూస్తూనే ఉన్నాను. రెండేళ్లుగా చూస్తున్న గీత, సూటిగా ఉండేది. ఇప్పుడు అటూ ఇటూ పోతోంది. నా బొటనవేలు బెల్లు మీదే ఉంది. రెండుసార్లు కొడితే ముందున్నవాళ్లు ఆగుతారు. ఆగితే ఏమని చెప్పాలి? నీ మొక్కు విడువు అనా? ఇంకో తూము చూద్దాం అనుకున్నాను.

మూడో తూము దాటుతూ కూడా ఒక్క బెల్లే కొట్టాను. ఆ బెల్లు అబద్ధమని కొట్టేటప్పుడే నాకు తెలుసు.

ఇంకో రెండు నిమిషాలకు అతని ముందు చక్రం కాలువ వైపు తిరిగింది. తిప్పినట్టు కాదు, నిద్రలో పక్కకు ఒరిగినట్టు. నేను బెల్లు రెండుసార్లు కాదు, ఎన్నిసార్లు కొట్టానో తెలియదు.

"ఎంకటీ!"

సైకిల్ కట్ట అంచు మీద పడింది. వెంకటి దాన్ని దాటి సిమెంటు వాలు మీదికి జారాడు. ఒక కాలు నీళ్లలో పడింది. ఆ వాలు మీద నాచు ఉంటుంది, పట్టు దొరకదు. నీళ్లు వేగంగా పోతున్నాయి. నేను బోర్లా పడుకొని అతని చొక్కా కాలర్ పట్టుకున్నాను. గుండీలు తెగాయి. గణేశ్ ఉరికి వచ్చి చంకల కింద చేతులు పెట్టి లాగాడు. రాజమణి నా కాళ్లు పట్టుకుంది. ముగ్గురం కలిసి పైకి తెచ్చాం.

ఒళ్లు చల్లగా ఉంది. చెమట ధారలు కడుతోంది. కళ్లు తెరిచే ఉన్నాయి గానీ మమ్మల్ని చూడటం లేదు.

"మోకు... మోకు బిగియ్యి" అంటున్నాడు. తాడి ఎక్కేటప్పుడు నడుముకు చుట్టుకునే తాడు మోకు. చెట్టు మీద ఉన్నాననుకుంటున్నాడు. రెండు చేతులతో రాజమణి మెడను తాడిచెట్టులా పట్టుకున్నాడు.

"గోలి గిట్ల ఏసుకున్నడా ఏంది ఈన?" అంది రాజమణి.

"ఏసుకున్నడు" అన్నాను. "నేను చూసిన."

ఇద్దరూ నా వైపు చూశారు.

"చూసి గూడ చెప్పలేదా మామా?" అన్నాడు గణేశ్.

నేను వెంకటి నుదుటి చెమట తుడిచాను.

"చక్కెర కావాలె" అన్నాను. "ఇప్పుడే కావాలె. లేకుంటె సోయి తప్పుతది, మళ్ల రాదు."

గణేశ్ జేబులు తడుముకున్నాడు. నట్లు విప్పే పాన, తంబాకు డబ్బీ. రాజమణి బుట్ట తలకిందులు చేసి దులిపింది. పాత సర్వప్ప నువ్వులు నాలుగు రాలాయి.

"అక్కా, నేను ఇంట్ల నాలుగు ఇడ్లీలు తినచ్చిన" అన్నాడు గణేశ్, ఏడుపు ముఖంతో.

"అయితె ఏం జేయాలె? కక్కుతవా?" అని కసిరింది రాజమణి. "ఫోన్ కొట్టు అంబులెన్సుకు!"

ఫోన్‌లో సిగ్నల్ లేదు. ముందు వంతెన కనిపిస్తోంది, అక్కడ ఎత్తు. గణేశ్ అటు తొక్కాడు. వెనక మూడో తూముకు కొంచెం అవతల, చేనులో ఒక రేకుల ఇల్లు నేను చూశాను. ముందు పోయేవాళ్లు దారి చూస్తారు, చివరివాడే పక్కలు చూస్తాడు. వెంకటి తల రాజమణి ఒడిలో పెట్టి నేను వెనక్కి తిరిగాను.

అరవై ఆరేళ్లకు అట్లా ఎన్నడూ తొక్కలేదు. గాలి ఎదురు. కళ్లలో నీళ్లు, అవి గాలికో దేనికో. తూము దగ్గర గుంతలో చక్రం ఎగిరి చైను ఊడింది. దిగి చైను ఎక్కించబోయాను. ఒకసారి పట్టింది, మళ్లీ జారింది. తెగిన పోగు చీకట్లోనైనా ముడేసిన చేతులవి. ఆ రోజు పళ్లచక్రం మీద చైను పెట్టలేకపోయాయి. మూడోసారికి కూర్చుంది. ఎంతసేపు పోయిందో తెలియదు.

ఇంటి ముందు ఒక ముసలామె ఉడికించిన పసుపు కొమ్ములు ఎండకు నెరుపుతోంది. సత్తవ్వ అని తర్వాత తెలిసింది.

"చక్కెర" అన్నాను.

"ఎవలు నువ్వు? పొద్దుగాల పొద్దుగాల చక్కెరేంది?"

"మనిషి పడిపోయిండు. కట్ట మీద. షుగరు."

ఆమె లేచి నిలబడింది. "షుగరున్నోనికి చక్కెరనా? సంపుతానికి తయారైనవా? మా పెనిమిటికి డాక్టరు చాయ్‌ల గూడ అద్దన్నడు."

అందరికీ తెలిసింది అదే. షుగర్ ఉన్నవాడికి చక్కెర విషం. గోలి వేసుకొని తినకపోతే ఒంట్లో ఉన్న చక్కెరంతా అయిపోతుందని, అప్పుడు చక్కెరే ప్రాణమని ఎంతమందికి తెలుసు? ఆమె గుమ్మానికి అడ్డం నిలబడింది. ముప్పై ఏళ్లలో మాట్లాడనిది నేను అప్పుడు మాట్లాడాల్సి వచ్చింది.

"అక్కా, ఇను. ఆయన గోలి ఏసుకున్నడు. బిడ్డ కాన్పు కోసం ఒక్కపొద్దున్నడు, ఏం తినలే. రక్తంల చక్కెర ఒడిసింది. మా ఆడిదానికి గిట్లనే అయితది, నా చేతులతోని పోస్త నేను. ఇప్పుడు పొయ్యకుంటె సస్తడు. పొద్దుగాల చూసి చెప్పలే. నా తప్పే. సచ్చిపోతె నేనే సంపినట్టు."

ఆమె నా ముఖం చూసింది. లోపలికి ఉరికింది. కూల్‌డ్రింక్ సీసాలో రెండు పిడికిళ్ల చక్కెర పోసి, నీళ్లు పోసి, గలగలా ఊపుతూ వచ్చింది. ఇంకో చేత్తో చెంబు అందించింది. "నీ పెదవులు ఎండిపోయినయి. నువ్వు ఒక గుక్క తాగు."

పుక్కిలించి ఉమ్మాను. తాగితే ఇంకో క్షణం పోతుంది. సీసా చొక్కాలో వేసుకొని సైకిలెక్కాను.

తిరిగి వచ్చేసరికి వెంకటి కళ్లు సగం మూసుకుపోయాయి. రాజమణి అతని చెంపలు తడుతూ ఆపకుండా మాట్లాడుతోంది. సీసా మూత తీసి పెదవులకు ఆనించింది. తీపి తడి తగలగానే అతను పళ్లు బిగించాడు.

"అద్దు... పొద్దు... రజని..."

"తాగు ఎంకటీ, మందు అనుకో."

చెయ్యి విసిరాడు. సీసా ఒరిగి కొంత కారిపోయింది. రాజమణి ఠక్కున నిలబెట్టింది. మళ్లీ పెట్టింది. మళ్లీ మొహం తిప్పాడు. లోకం తెలియని స్థితిలో కూడా మొక్కు ఒక్కటే తెలుస్తోంది అతనికి.

"ముక్కు మూసి పోద్దామా?" అన్నాను.

"గట్ల పోస్తె మింగడు, ఊపిరికి అడ్డం పడ్తది. తానై తాగాలె." రాజమణి సీసా ఇంకో చేతికి మార్చుకుంది. "ఏం జేద్దామే అన్నా? నా చేతుల పోయెటట్టున్నడు."

అప్పుడు మా అమ్మ గుర్తొచ్చింది. నాన్నకు జ్వరం వచ్చిన ఏడు ఆయన సగం పట్టిన ఒక్కపొద్దును అమ్మ తన మీద వేసుకొని సాయంత్రం దాకా నడిపింది. ఇంట్లో ఒకరు పట్టలేకపోతే ఇంకొకరు పట్టవచ్చు. అయితే వాళ్లు పొద్దటి నుంచి ఏమీ ముట్టి ఉండకూడదు.

వెంకటి చెవి దగ్గర నోరు పెట్టాను.

"ఎంకటీ. నీ ఒక్కపొద్దు నేను తీసుకుంటున్న. ఇప్పటి సంది అది నాది. మల్లన్న సాచ్చి. నువ్వు తాగినా మొక్కు పోదు."

కనుపాపలు కదిలాయి.

"నువ్వు... తిన్నవా?"

"తినలే."

"చాయ్?"

"ఇంట్ల పాలు ఇరిగినయి. తాగలే."

"నీళ్లు?"

"పుక్కిలించి ఉమ్మేసిన."

"మింగలే?"

"మింగలే. బుచ్చవ్వ మీద ఒట్టు."

పళ్ల బిగువు కొంచెం సడలింది. రాజమణి సీసా దగ్గరికి తెచ్చింది. మళ్లీ బిగించాడు.

"మా ఇంటోనివి... కావు నువ్వు."

ప్రాణం పోతూ కూడా లెక్క సరిచూస్తున్నాడు. నాకు కోపం వచ్చింది. అంత కోపం ఎన్నడూ రాలేదు.

"రెండేండ్ల సంది నీ ఎన్క టైరే చూసుకుంట తిరుగుతున్న! నా పెండ్లాం మొఖం గూడ గన్నిసార్లు చూడలే. ఇంకెట్ల కావాలె రా నీ ఇంటోణ్ణి?"

నన్ను చూశాడు. ఈసారి నన్నే చూశాడు. నోరు తెరిచాడు.

రాజమణి కొద్దికొద్దిగా పోసింది. ఒక గుటక. ఆగింది. ఇంకో గుటక. నేను అతని గొంతుక మీదే కళ్లు పెట్టాను. మూడు, నాలుగు. కిందికి పోతోంది. సీసా అడుగున కరగని చక్కెర అరచేతిలోకి వంచి, వేలితో అతని చెంప లోపల రుద్దింది. తర్వాత చేయడానికి ఏమీ లేదు. కూర్చున్నాం. పది నిమిషాలని రాజమణి తర్వాత అంది. నాకు పూటంతా పోయినట్టుంది.

ముందు చెమట ఆగింది. తర్వాత పెదవుల్లోకి రంగు వచ్చింది. తర్వాత, "వదినె, నా తల నీ ఒడిలెందుకున్నది?" అన్నాడు.

"ఉంచుకుందామని" అంది రాజమణి, ఏడుస్తూ.

గణేశ్ వగరుస్తూ వచ్చాడు. అంబులెన్సు వంతెన దగ్గరికి వస్తోందన్నాడు. కట్ట మీద పైపు కోసం తవ్విన కందకం అడ్డం ఉంది, బండి ఇక్కడిదాకా రాదు. చెరోపక్క పట్టుకొని నడిపించాం. అంబులెన్సువాళ్లు అతని వేలు గుచ్చి చూశారు. ఇప్పుడు ఫరవాలేదు, వెంటనే అన్నం పెట్టండి, ఇట్లా ఖాళీ కడుపున గోలి వేసుకోవద్దు, రేపు పోయి డాక్టర్‌ను కలవండి అని చెప్పారు. సైకిల్ మాత్రం ఎక్కొద్దన్నారు. గణేశ్ ఒక ఆటోవాడికి ఫోన్ చేశాడు. పైన సైకిల్ కట్టి, లోపల వెంకటిని కూర్చోబెట్టి, మేం ముగ్గురం దాని వెనకే తొక్కుకుంటూ పోవాలని నిర్ణయమైంది.

"నన్ను పీనిగ లెక్క ఊరేగిస్తరా?" అన్నాడు వెంకటి.

"పెండ్లికొడుకు అనుకో" అన్నాడు గణేశ్.

వంతెన పక్కన చిన్న హోటల్. పూరీలు తెచ్చారు. వెంకటి ముట్టకుండా ముందు ఫోన్ అడిగాడు. రజనికి కలిపి ఇచ్చాం. గణేశ్ స్పీకర్ పెట్టాడు. మేం ముగ్గురం బల్ల మీదికి వంగాం.

"బిడ్డా... కడుపుల కదులుతుందా?"

"ఏంది బాపూ, గిప్పుడు గట్ల అడుగుతున్నవు?"

"చెప్పు బిడ్డా. కదులుతుందా?"

"పొద్దటి సంది ఆగుతలేదు. ఇగో ఇప్పుడు గూడ తన్నింది. ఏమైంది బాపూ? గొంతు గట్లున్నదేంది?"

"ఏం లేదు. సైకిల్ తొక్కిన గద, దమ్మస్తుంది."

ఫోన్ గణేశ్ చేతికి ఇచ్చాడు. తర్వాత పూరీ తుంపాడు. రెండు ప్లేట్లు తిన్నాడు. గణేశ్ అతనికన్నా ఎక్కువ తిన్నాడు. రాజమణి ఒకటి తిని, ఆలుగడ్డ కూరలో ఉప్పు తక్కువని హోటల్‌వాడితో పోట్లాడింది. నేను గోడకు ఆనుకొని కూర్చున్నాను. నాలుక అంగిలికి అతుక్కుంటోంది. సాయంత్రం దీపానికి ఇంకా ఎనిమిది గంటలు.

"మామా" అన్నాడు గణేశ్, "ఇంకెన్ని ఆదివారాలు?"

"కాన్పు దాకా" అన్నాను.

"అయితే మల్ల వారం నువ్వు పడిపోతె మేం ఏం జేయాలె?"

"నాకు షుగర్ లేదు" అన్నాను. ఇంకో మాట కూడా అన్నాను, అడగకుండానే. "మల్ల వారం సంది ఈయన తిని గోలి ఏసుకున్నడా లేదా నేను అడుగుత. అందరి ముంగట అడుగుత. సిగ్గుపడ్డా అడుగుత."

వెంకటి తల ఊపాడు. చాయ్ వచ్చింది. చక్కెర లేనిది అతనికి, మామూలువి మిగతా ఇద్దరికి. అతను తన చాయ్ సాసర్‌లోకి సగం వంచి, ఎప్పుడూ చేసే పనే గనక, ఆలోచించకుండా నా ముందుకు జరిపాడు. నేనూ ఆలోచించకుండా ఎత్తాను. ఆవిరి ముక్కుకు తగిలింది.

"ఏయ్!" అని అరిచాడు. హోటల్‌లో అందరూ తిరిగి చూశారు. నా చేతిలోంచి సాసర్ గుంజుకున్నాడు. "ఏం మనిషివి నువ్వు! నా మొక్కు చెడగొడుతవా?"

సాసర్ నిండుగా ఉంది. ఒక్క చుక్క కూడా కింద పడలేదు. దాన్ని రెండు వేళ్లతో అట్లాగే పట్టుకొని నన్ను చూస్తూ తనే తాగాడు. ఆ చెయ్యి వణకడం లేదు.